బెంచీలోంచి డస్టర్ తీసేస్తే

నైదాకి ఆరేళ్లు నిండినా పుట్టు వెంట్రుకలు తీయలేదు. మార్చిలో బడి తెరుస్తారు. ఒకటో తరగతి టీచరమ్మ జనవరిలోనే పిల్లల పేర్లు రాసుకోవడానికి ఇంటింటికీ తిరుగుతూ మా వాకిట్లో కూడా నిలబడింది. నైదా తలవైపు ఒకసారి చూసింది, పేరు రాసుకుంది, వెళ్లిపోయింది. ఏమైనా అని ఉంటే నేనూ ఏదో ఒకటి చెప్పుకునేదాన్ని. ఏమీ అనకపోయేసరికి ఆ చూపు రోజంతా నా వెంటే తిరిగింది.

మా కొండ ఊరు పల్కామయోలో పిల్లలకి రెండేళ్లకో మూడేళ్లకో తీసేస్తారు. అంతవరకూ తలలో దువ్వెన పెట్టరు. నైదా జుట్టు ముడులు పడి, గొర్రె తోకల్లా వేలాడుతూ నడుం దాటింది. కాలవ దగ్గర పిల్లలు దాన్ని "లామా, లామా" అని, బరువులు మోసే బొచ్చు జంతువు పేరు పెట్టి పిలుస్తున్నారని నాకు తెలుసు. అది మాత్రం నాతో చెప్పలేదు. చెప్పకపోవడమే నాకు భయం. ఇప్పటినుంచే నా దగ్గర దాచడం నేర్చుకుంటే బడికి వెళ్లాక ఇంకెన్ని దాస్తుందో!

ఆలస్యానికి కారణం మా అమ్మ ఫోర్తునాతా. నైదా పుట్టినప్పుడే అనేసింది, "దీని మొదటి కుచ్చు నేను నేసిన లిక్లా మీద పడాలి. ఇంకెవరి గుడ్డ మీదా పడటానికి వీల్లేదు" అని. లిక్లా మేం భుజాల మీదుగా కప్పుకుంటాం, బంగాళాదుంపలైనా పిల్లలైనా అందులోనే మోస్తాం. రెండు సగాలుగా నేసి మధ్యలో కుడతారు. నాలుగు వైపులా అంచే, ఎక్కడా కత్తెర పడదు. అమ్మ ఒక సగం నేసింది. రెండో సగానికి నూలు కూడా వడికి, నాగజెముడు మీది పురుగుల్ని నూరి తీసిన ఎరుపులో ఒకేసారి ముంచి, ఏడు ఉండలు చుట్టి పెట్టింది. పడుగు వేసేలోపు ఛాతీలో జబ్బు చేసి పోయింది. అప్పటికి నైదాకి మూడేళ్లు.

ఆ సగాన్నీ ఆ ఏడు ఉండల్నీ పెట్టెలో పెట్టి మూత వేశాను. మా ఆయన తెయోఫిలో గనుల్లో పనిచేస్తాడు, ఏడాదికి రెండుసార్లు వస్తాడు. వచ్చినప్పుడల్లా "ఏదో ఒక గుడ్డ పరిచి కత్తిరించెయ్యవే" అనేవాడు. వచ్చే ఏడు చేద్దాం అనేదాన్ని. నిజానికి పెట్టె తెరవాలంటేనే చేతులు రావు. టీచరమ్మ చూపు పుణ్యమా అని ఆ మర్నాడు తెరిచాను. కార్నివాల్ పండగ ముందు గురువారం చేసేద్దామని చుట్టాలందరికీ కబురు కూడా పెట్టేశాను. కబురు పెట్టాక ఇక వెనక్కి పోలేను కదా, అందుకే పెట్టాను.

అమ్మ సగాన్ని పెరట్లో నేలమీద పరిచి, దాని పొడుగు చూసుకుంటూ నాలుగు మేకులు దిగ్గొట్టాను. రెండు సగాలూ సమానంగా ఉండాలి కాబట్టి ఒకదాన్ని చూసి రెండోది కొలిస్తే సరిపోతుందనుకున్నాను. మొదటి ఉండ విప్పి, మేకు చుట్టూ పది పోగులు వేశానో లేదో, మా పెద్దమ్మ కసిమీరా గోడమీంచి తొంగిచూసింది. అమ్మకి అక్క. డెబ్బై దాటినా గోడ ఎక్కడం మానలేదు.

"దేన్ని చూసి కొలిచావే?"

"అమ్మ సగాన్ని చూసే పెద్దమ్మా. రెండూ ఒక్కలా ఉండాలిగా."

పెద్దమ్మ నవ్విన నవ్వుకి టోపీ మా పెరట్లో పడింది.

"మీ అమ్మ నీకు వంట ఎలాగూ నేర్పలేదు. నేతైనా నేర్పిందేమో అనుకున్నా. అదీ లేదన్నమాట. ఆ టోపీ ఇలా అందుకో."

"ఏం చేశానని?"

"ఎండలో ఒళ్లు విరుచుకున్న పిల్లిని చూశావా? అదే పిల్లి పొయ్యి పక్కన పడుకుంటే ఎంతుంటుంది? గుడ్డ కూడా అంతే. మేకుల మధ్య లాగి కట్టినంతసేపూ పొడుగు. దిగిందంటే ముడుచుకుంటుంది. మీ అమ్మ సగం ముడుచుకుని పడుకున్నాక నువ్వొచ్చి కొలిచావు. రేపు నీదీ దిగి ముడుచుకుంటే నాలుగు వేళ్లు పొట్టి. నీ లిక్లా కుంటుకుంటూ నడుస్తుంది తల్లీ."

"అయితే నాలుగు వేళ్లు కలిపి వేస్తాను."

"నాలుగని నేనేదో నోటికొచ్చి అన్నా. మూడో, ఆరో! ఉన్నిని బట్టి ఉంటుంది, చేతిని బట్టి ఉంటుంది. దానికేగా మేకుల మధ్య దూరం పట్టే తాడు. ఎవరి తాడు వాళ్లకి. మీ అమ్మ తాడేదీ?"

నేను పోగులు విప్పడం మొదలుపెట్టాను. తలెత్తలేదు.

మాలో మనిషి పోయిన అయిదో రోజున వాళ్ల బట్టలు ఏటిలో ఉతుకుతారు. ఉతకడానికి పనికిరానివి ఒడ్డున మంట వేసి అందులో పడేస్తారు. అమ్మ పాత నడికట్టు చుట్ట చుట్టి ఉంది. విప్పి చూడకుండానే వేసేశాను. అది కాలుతుంటే లోపల్నుంచి కిత్తనార చిటపటమన్న చప్పుడు వినిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, అమ్మ కొలతాడు ఎప్పుడూ ఆ నడికట్టు మడతలోనే పెట్టుకునేదని. రెండు చివర్లా రెండు ఉచ్చులున్న తాడు. తీయబోతే ఎవరో నా చెయ్యి పట్టుకుని, "పోయినవాళ్లది మంటలోంచి తీయకూడదమ్మా" అన్నారు.

పెద్దమ్మకి చెప్పాను. ఆమె ఈసారి నవ్వలేదు. గోడ దిగి వెళ్లిపోయింది.

నూలు ఒక్క సగానికే ఉంది. తప్పు నేస్తే మళ్లీ నేయడానికి లేదు. ఆ ఎరుపు మళ్లీ రాదు, ఆ వడుకు మళ్లీ రాదు. చుట్టాలందరికీ కబురు వెళ్లిపోయింది. ఏం చేయను? పోగులన్నీ విప్పి ఉండ చుట్టాను. ఆ తాడు పొడుగు ఈ లోకంలో ఇంకెక్కడైనా ఉందా అని, తలుపు గడప మీద కూర్చుని ఆలోచించాను.

ఉంది.

*

మాకు అబ్దోన్ మేష్టారు లెక్కలు చెప్పేవారు. పైతరగతుల్లో రెండో ఏడు నాకు. మట్టిగోడల పాత బడి, రేకుల కప్పు. వడగళ్లు పడ్డాయంటే పక్కనున్న మనిషి మాట కూడా వినబడేది కాదు. అలాంటప్పుడు మేష్టారు మాట్లాడటం ఆపేసి బోర్డు మీద రాసేవారు. మేం చదువుకునేవాళ్లం. ఆ ఏప్రిల్‌లో చివరి వడగళ్లు పడిన రోజున ఇలా రాశారు:

ఒకే దానికి సమానమైనవి ఒకదానికొకటి సమానం.

దాని కింద ఇంకొకటి:

సమానమైన వాటిలోంచి సమానమైన వాటిని తీసేస్తే మిగిలినవి సమానం.

దాని కింద మూడోది:

ఒకదాని మీద ఒకటి పెడితే సరిగ్గా కూర్చునేవి సమానం.

వడగళ్లు ఆగాక అడిగారు, "అర్థమైందా?"

"అర్థమైంది మేష్టారూ," అన్నాం ఇరవై ఎనిమిది మందిమీ.

"ఏం అర్థమైంది?"

కప్పు మీంచి నీళ్లు కారుతున్న శబ్దం ఒక్కటే.

"వీటికి రుజువు అడక్కూడదు. మిగతా రుజువులన్నీ వీటి మీదే నిలబడతాయి. కానీ రుజువు లేదు కదా అని గుడ్డిగా నమ్మమనడం లేదు. చేత్తో పట్టుకుని చూడండి. రేపు మీ ఇంట్లో కొలిచే వస్తువు ఏదైనా ఒకటి తీసుకురండి."

మర్నాడు చూడాలి మా తరగతి! నా పక్కన కూర్చునే విల్మా వాళ్ల నానమ్మ బార్లీ కొలిచే సార్డీన్ చేపల డబ్బా తెచ్చింది. ఒకడు పొలం కొలిచే తాడు తెచ్చాడు. ఇంకొకడు తాత టోపీ తెచ్చి, అందులో కూరకి పెంచే గినీ పందులు ఎన్ని పడతాయో చూసి అమ్ముతారని చెప్పాడు. మేష్టారు నవ్వాపుకోలేక బోర్డువైపు తిరిగిపోయారు. నేను మా అమ్మ తాడు తెచ్చాను. అడిగితే ఇవ్వదని తెలుసు. అందుకే అడగలేదు, టోపీలో దాచుకొచ్చాను.

మేష్టారికి అదే నచ్చింది. మా బెంచీ మీద పొడుగ్గా పరిచి పట్టుకోమన్నారు. నేనొక ఉచ్చు, విల్మా ఒక ఉచ్చు పట్టుకున్నాం. తాడు పొట్టి, బెంచీ పొడుగు. చివర కొంచెం చోటు మిగిలింది. మేష్టారు బోర్డు తుడిచే డస్టర్ తెచ్చి ఆ చోట్లో పెట్టారు. ఆయన సొంతంగా చేసుకున్నది, చెక్కముక్కకి గొర్రె తోలు అంటించినది. అచ్చంగా అక్కడికే పుట్టినట్టు కూర్చుంది. తరగతంతా "ఆఁ" అన్నారు. బోర్డు మీద రాశారు:

బెంచీలోంచి డస్టర్ తీసేస్తే సతుకా వాళ్లమ్మ తాడు.

నా పేరు సతుర్నినా. ఇంట్లోనూ బడిలోనూ సతుకా అనేవారు. బోర్డు మీద నా పేరు పడటం అదే మొదటిసారి.

తర్వాత తాడునీ డస్టర్‌నీ బెంచీ బెంచీకీ పంపారు. పద్నాలుగు బెంచీలు. ప్రతి జతా కొలిచింది. ప్రతిచోటా డస్టర్ సరిగ్గా కూర్చుంది.

"ఒక బెంచీని ఇంకో బెంచీ పక్కన పెట్టి చూశామా?" అన్నారు మేష్టారు.

"లేదు మేష్టారూ."

"మరి పద్నాలుగూ సమానం ఎలా అయ్యాయి?"

"దేవుడి దయ," అన్నాడు టోపీవాడు.

"మీరు చెప్పారు కాబట్టి," అంది విల్మా. దానికి అప్పటికే మార్కులు ఎలా వస్తాయో తెలుసు.

నా నోట్లోంచి నేననుకోకుండానే వచ్చేసింది. "మెలితోన్ దగ్గర ఒకే కర్ర ఉంది కాబట్టి."

మెలితోన్ మా ఊరి వడ్రంగి. ఆ బెంచీలన్నీ ఆయనే నీలగిరి చెక్కతో చేశాడు. చేసేటప్పుడు నేను చూశాను. ఒక కర్ర పట్టుకుని ప్రతి చెక్కా దానితోనే కొలిచేవాడు.

మేష్టారు సుద్దముక్క కింద పెట్టేశారు. "మళ్లీ చెప్పు." మళ్లీ చెప్పాను. "ఒకవేళ మెలితోన్ ఆ కర్ర పారేసి, మొదటి బెంచీని చూసి రెండోది, రెండోదాన్ని చూసి మూడోది చేసి ఉంటే?"

ఆలోచించాను. "గీత గీసిన ప్రతిసారీ గీత మందం కలుస్తుంది మేష్టారూ. పద్నాలుగో బెంచీ గుమ్మంలో పట్టదు."

తరగతంతా గొల్లుమంది. మేష్టారు నవ్వలేదు. నన్ను చూస్తూ అలా నిలబడ్డారు. పదిహేనేళ్ల నాకు ఒళ్లంతా వెచ్చగా అయింది. నా మాట విని ఒక పెద్ద మనిషి చేస్తున్న పని ఆపి నిలబడటం అంతకుముందు ఎప్పుడూ లేదు. తర్వాత కూడా పెద్దగా లేదు.

ఆ సాయంత్రం అమ్మకి దొరికిపోయాను. "బడికి తాడెందుకే? మేష్టారు దూడల్ని కట్టేస్తున్నారా? పదిమంది చేతులు లాగితే తాడు అబద్ధాలు నేర్చుకుంటుంది!" అని ఇల్లు పీకి పందిరేసింది. గబగబా పెరట్లోకి వెళ్లి మేకులకి తగిలించి చూసుకుంది. సరిపోయింది. సరిపోయినందుకు ఇంకా కోపం వచ్చింది, తిట్టడానికి కారణం లేకుండా పోయిందని.

లెక్క వేసి చూస్తే, అప్పటికే నైదా నాలో పడి ఉంటుంది. నాకింకా తెలియదు. ఆగస్టులో కడుపు కనబడటం మొదలయ్యాక బడి మానేశాను. నోటుపుస్తకంలో సగం పేజీలు ఖాళీగా మిగిలాయి. తర్వాత అమ్మ వాటిలో నూలు ఉండలు చుట్టి పెట్టేది.

*

మర్నాడు పొద్దున్నే పెద్దమ్మ ఇంటికి పరుగెత్తాను. నైదా నా వెనకే వచ్చింది.

"పెద్దమ్మా, పాత బడి బెంచీలు ఎక్కడున్నాయి?"

"కొత్త బడి కట్టినప్పుడు ఎవరికి కావాల్సినవి వాళ్లు పట్టుకుపోయారుగా. మీ బెంచీ విల్మా వాళ్ల నాన్న తీసుకెళ్లాడు. దాని మంట మీద వాళ్లు మొక్కజొన్న కల్లు చిచ కాచుకుని తాగేశారు కూడా. కట్టెలకి తీసుకెళ్లాడే వాడు." విల్మా ఇప్పుడు అరెకీపా పట్నంలో బేకరీలో పనిచేస్తోంది.

ఆ బెంచీ కూడా బూడిదేనా అనుకున్నాను. తర్వాత నాకే నవ్వొచ్చింది. మా బెంచీ ఎందుకు? పద్నాలుగింటిలో ఏదైనా మా బెంచీయే కదా!

"నీ దగ్గర ఒకటి ఉండాలి."

"ఉంది. కోళ్లు పడుకుంటాయి దాని మీద. అది మీ బెంచీ కాదుగా?"

"ఏదైనా ఒకటే పెద్దమ్మా. అన్నీ మెలితోన్ కర్రకి సమానం. అందుకని అన్నీ ఒకదానికొకటి సమానం."

"మెలితోన్ తాగి చేసి ఉంటే?"

మెలితోన్ తాగేవాడు. ఊరంతటికీ తెలుసు. ఆ అనుమానం నాలో పడిందంటే ఇక నిలవనివ్వదు. కోళ్లని తోలి, రెట్టలు గీకి, బెంచీ పొడుగుకి ఒక దారం తీశాను. ఆ దారం పట్టుకుని చర్చి వరండాకి వెళ్లాను. అక్కడ ముసలివాళ్లు కూర్చునే బెంచీ కూడా ఆ పద్నాలుగింటిలోదే. ఒక ముసలాయన్ని బతిమాలి లేపి కొలిచాను. దారం అటు చివరకీ ఇటు చివరకీ సరిగ్గా వచ్చింది. పెద్దమ్మ వెనకే వచ్చి నిలబడి ఉంది.

"చూశావా?" అన్నాను.

"చూశాను. మెలితోన్ తాగాడు గానీ కర్ర తాగలేదు."

ఇక డస్టర్. అబ్దోన్ మేష్టారు ఉద్యోగం అయిపోయాక ఏటి కింద పొలంలో చిక్కుళ్లు వేసుకుంటున్నారు. దిగడానికి గంట పడుతుంది. బడి మానేశాక ఆయన్ని దగ్గర్నుంచి చూడలేదు. బజారులో ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోయేదాన్ని. ఎందుకు మానేశావని అడుగుతారేమోనని భయం.

మేష్టారు చిక్కుడు పాదుల్లో వంగి ఉన్నారు. జుట్టంతా నెరిసింది. మమ్మల్ని చూసి నడుం పట్టుకుని లేచారు.

"ఎవరమ్మాయ్?"

"సతుర్నినాని మేష్టారూ. ఫోర్తునాతా కూతుర్ని."

"ఓ, సతుకా! తాడు పిల్లవి. రా, రా. ఇది నీ కూతురా? దీని తల నిండా బార్లీ పొలం ఉందే!"

నైదా నా గౌను వెనక్కి పోయింది. నేను వచ్చిన పని చెప్పాను. బెంచీ దొరికిందనీ, డస్టర్ కావాలనీ. ఆయన ముఖం వెలిగిపోయింది.

"ఆ పాఠం తర్వాత ప్రతి ఏడూ చెప్పాను. తాడు లేదు గానీ కథ ఉందిగా! ఆ విల్మా ఎంత బాగా చెప్పిందని! 'మెలితోన్ దగ్గర ఒకే కర్ర ఉంది కాబట్టి' అని. నా ముప్ఫై ఏళ్ల ఉద్యోగంలో అలాంటి జవాబు మరొకటి వినలేదు."

చిక్కుడు పూలవైపు చూశాను. బడినుంచి నేను ఇంటికి తెచ్చుకున్నది ఆ ఒక్కటే. సర్టిఫికెట్ లేదు, ఫొటో లేదు. అది కూడా విల్మా పేరు మీద రాసేసి ఉంది. పెద్దాయన, పొరపాటు పడ్డారు. దిద్దడానికి నేనెవర్ని?

"కాదు తాతా," అంది నైదా నా వెనకనుంచి. "అది మా అమ్మ చెప్పింది. విల్మా 'మీరు చెప్పారు కాబట్టి' అంది."

"నీకెలా తెలుసే?" అన్నారు మేష్టారు.

"నేను కూడా ఉన్నాగా ఆ క్లాసులో. అమ్మ కడుపులో."

నాకు సిగ్గుతో చెవులు మండాయి. ఆ కథ దానికి ఎన్నిసార్లు చెప్పానో! తల కడగనివ్వక ఏడ్చినప్పుడల్లా, ఊరుకోబెట్టడానికి అదే చెప్పేదాన్ని. మేష్టారు నైదాని చూశారు, నన్ను చూశారు. చేతిలోని పార పక్కన పెట్టేశారు, ఆ రోజు సుద్దముక్క పెట్టినట్టే.

"నువ్వేనా?"

"నేనే మేష్టారూ."

"మరి ఇన్నేళ్లూ ఎంతమందికి తప్పు చెప్పానో!" అని నుదురు కొట్టుకున్నారు. తర్వాత, "బడి మానేశావని ఆ రోజుల్లో కోపం వచ్చింది. ఇంటికొచ్చి మీ అమ్మని అడగాల్సింది. రాలేదు. అది నా తప్పు," అన్నారు. ఎన్నేళ్లుగానో తప్పించుకు తిరిగిన ప్రశ్న ఆయన అడగనేలేదు.

లోపలికి వెళ్లి ఒక అట్టపెట్టె తెచ్చారు. అందులో మూడు డస్టర్లు ఉన్నాయి.

"ఇందులో ఏది మేష్టారూ?"

"ఏదైనా తీసుకో. తోలు అరిగిపోయినప్పుడల్లా కొత్తది చేశాను. కానీ ఎప్పుడూ మొదటిదాన్ని చూసే కోశాను. రెండోదాన్ని చూసి మూడోది కోయలేదు. గుమ్మంలో పట్టదని ఎవరో చెప్పారుగా!"

అయినా నేను మొదటిదే తీసుకున్నాను. నా భయం నాది. ఆయన నవ్వి ఊరుకున్నారు. వచ్చేముందు, మొదటి కుచ్చు కత్తిరించే పాద్రినోగా, అంటే ధర్మతండ్రిగా, మీరే రావాలని అడిగాను. అప్పటిదాకా ఎవర్ని పిలవాలో తేల్చుకోలేదు. ఆయన నైదాని అడిగారు, "నన్ను కత్తెర పట్టనిస్తావా?" అని.

"పాఠం సరిగ్గా చెబితే," అంది అది.

*

కిత్తనారతో కొత్త తాడు పేనాను. పెద్దమ్మ కోళ్ల బెంచీ మీద ఒక చివర డస్టర్ పెట్టి, మిగిలిన పొడుగుకి తాడు పరిచి, రెండు ఉచ్చులు ముడి వేశాను. పట్టుకుంటే బరువు కూడా అమ్మ తాడంతే ఉందనిపించింది. మళ్లీ పోతుందేమోనని, అదే కొలతకి గుమ్మం చట్రం మీద కత్తితో రెండు గాట్లు పెట్టాను. అప్పుడు మేకులు పీకి, కొత్త చోట దిగ్గొట్టాను. పాత గుంటలకీ కొత్త గుంటలకీ మధ్య నాలుగు వేళ్లు కాదు, అయిదు వేళ్ల దూరం ఉంది.

పంతొమ్మిది రోజులు నేశాను. వానలు. మగ్గం మీద రేకు కట్టి, కింద కూర్చుని నేశాను. నైదా ఉండలు విప్పి ఇచ్చేది. అమ్మ వాడిన లామా ఎముకతోనే పేక బిగించాను. ప్రతి వరసకీ చేతుల్లో ఆమె అదలింపు వినిపించేది, "బిగించవే, బిగించు, పిల్లని జోకొడుతున్నావా?" అని. రాత్రి పడుకుంటే పోగులు లెక్కకొచ్చేవి. నూలు చాలకపోతే? చెయ్యి వదులైతే? ఆఖరి వరస వేసేసరికి ఏడో ఉండలో మూరెడు మిగిలింది.

పెద్దమ్మ ముందు, మేష్టారు ముందు మేకుల నుంచి గుడ్డ విప్పాను. అమ్మ సగాన్ని నేలమీద పరిచి, నాది దాని మీద పెట్టాను.

రెండు వేళ్లు పొడుగు.

నేను అక్కడే కూలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు. మేష్టారు పక్కన చతికిలబడి, గుడ్డనీ నన్నూ మార్చి మార్చి చూస్తున్నారు. తన డస్టర్ ఏమైనా మోసం చేసిందా అని ఆయన భయం ఆయనది.

"ఏం చావుకబురా ఇది, అలా కూర్చున్నారు ఇద్దరూ?" అంది పెద్దమ్మ. "ఇప్పుడేగా దిగింది! పంతొమ్మిది రోజులు నిలబెట్టి, దిగిన క్షణమే నిద్రపొమ్మంటే పోతుందా? మడత పెట్టకుండా నీడలో వదిలెయ్. రేపు చూడు."

"రేపటికి రాకపోతే?"

"రాకపోతే అప్పుడేడుద్దాం. నేనూ వస్తా ఏడవడానికి."

మర్నాడు ఎండ మా పెరటి గోడ దాటకముందే అమ్మ సగాన్ని మళ్లీ పరిచాను. నాది తెచ్చి దాని మీద వేశాను. చేత్తో సవరించాను. ఒక అంచు, రెండో అంచు, మూలలు. కింద ఉన్న అమ్మది ఎక్కడా కనబడలేదు. పైన ఉన్న నాది ఎక్కడా దాటిపోలేదు. మేష్టారు రాసిన మూడో మాట అప్పుడు గుర్తొచ్చింది. ఒకదాని మీద ఒకటి పెడితే సరిగ్గా కూర్చునేవి. ఇది కూడా రాయాలా, ఎవరికి తెలియదు అనుకున్నాను ఆ రోజు బడిలో. అరచెయ్యి ఆ రెండిటి మీద పెట్టి చాలాసేపు అలా ఉండిపోయాను. పెద్దమ్మ గోడమీంచి చూసింది. అలాగే దిగిపోయింది.

గురువారం నైదాని రెండు సగాల కుట్టు మీద కూర్చోబెట్టాం. మేష్టారు రిబ్బను కట్టిన కత్తెర పట్టుకుని, ముందు వచ్చిన చుట్టాలందరికీ బెంచీల కథ చెప్పారు. ఈసారి పేరు సరిగ్గా చెప్పారు. నైదా తల ఊపింది, ఇక కత్తిరించుకోమన్నట్టు. మొదటి కుచ్చు ఎర్రటి గుడ్డ మీద పడింది. ఎవరి సగం మీద పడిందో చూడాలనుకున్నాను, తెలియలేదు.

మార్చిలో బడి మొదటి రోజున గేటు దగ్గర నిలబడ్డాను. పిల్లలంతా వరసగా నిలబడ్డారు. పొట్టి జుట్టు తలలు, అన్నీ ఒక్కలానే ఉన్నాయి. వెనకనుంచి నాది ఏదో పోల్చుకోలేకపోయాను. భయం వేసింది. అప్పుడు ఒక తల ఇటు తిరిగింది, చెయ్యి జేబులో పెట్టుకుని, దొంగ నవ్వు నవ్వుతూ.

ఇంటికొచ్చి చూస్తే గోడ మేకుకి తగిలించిన కొలతాడు లేదు.

ఒక్క క్షణం వెనక్కి పరుగెత్తబోయాను. పదిమంది చేతులు లాగితే తాడు ఏమవుతుందో అమ్మ చెప్పిందిగా. తర్వాత గుమ్మం చట్రం మీది రెండు గాట్లు కనబడ్డాయి. వాటిని ఒకసారి వేళ్లతో తడిమి, లోపలికి వెళ్లి పొయ్యి రాజేశాను.